వెనకొచ్చిన కొమ్ములే వాడి

జవళగేర చుట్టుపక్కల క్యాంపుల్లో స్థిరపడ్డ మన కుటుంబాలకు విమానమంటే పిల్లల్ని అమెరికా పంపించడానికి వెళ్లే హైదరాబాద్, బెంగళూరు ఎయిర్‌పోర్టులే గుర్తొస్తాయి. కానీ ఈ నేలకు విమానాలతో సంబంధం అంతకన్నా పాతది. 1956 దాకా రాయచూరు జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఆ రాష్ట్రానికి సొంత విమాన కంపెనీ ఉండేది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ అది. బేగంపేట నుంచి డకోటాలు నడిపేది. 1953లో దేశంలోని ఎనిమిది కంపెనీల్ని కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసినప్పుడు అదీ అందులో కలిసిపోయింది. మన పెద్దవాళ్లను ఇక్కడికి రప్పించిన తుంగభద్ర డ్యామ్ పూర్తయిందీ ఆ ఏడే.

డకోటాల తర్వాత జెట్లొచ్చాయి. జెట్ పైకెక్కేటప్పుడే ఎక్కువ ఇంధనం తాగుతుంది. గంట, గంటన్నర ప్రయాణాలకు రోజుకు అయిదారుసార్లు ఎక్కి దిగాలి. అంచేత దగ్గర ఊళ్లకు జెట్ గిట్టుబాటు కాదని చాలామంది అనుకునేవాళ్లు. ఆ మాట తప్పని చూపించింది ఫ్రాన్స్ వాళ్ల కారవెల్. 1955లో మొదటిసారి ఎగిరి, 1959లో ప్రయాణికుల్ని ఎక్కించుకుంది. ఇంజన్లు తోక దగ్గర ఉండేవి కాబట్టి లోపల రొద తక్కువ. మూడు మూలల కిటికీలు దాని గుర్తు. అమెరికాలో యునైటెడ్ కంపెనీ కూడా 20 కొన్నది. 1964లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ జెట్ యుగంలో అడుగుపెట్టింది కూడా కారవెల్‌తోనే.

ఆ గిరాకీ చూసి బ్రిటన్ వాళ్లు బీఏసీ వన్-ఎలెవన్ చేశారు. 1963 ఆగస్టులో ఎగిరింది. రెండు నెలలకే పరీక్షల్లో కూలి ఏడుగురు పోయారు. ముక్కు బాగా పైకి లేచినప్పుడు రెక్కల వెనక చెదిరిన గాలి తోకను కమ్మేసి, విమానం మాట వినకుండా పోయింది. లోపం దిద్దుకుని 1965లో సర్వీసులోకి వచ్చేసరికి అమెరికాలో డగ్లస్ వాళ్ల డీసీ-9 రెక్కలు విప్పేసింది.

బోయింగ్ అప్పటికింకా కాగితాల మీదే ఉంది. 1965 ఫిబ్రవరిలో, డీసీ-9 మొదటిసారి ఎగిరిన నెలలోనే, 737 కడతామని ప్రకటించింది. తొలి కొనుగోలుదారు జర్మనీ లుఫ్తాన్సా. అందరికన్నా వెనకబడినా 737కి మూడు సుగుణాలున్నాయి. పోటీ విమానాల్లో వరసకు అయిదు సీట్లయితే, ఇందులో ఆరు. ఇంజన్లు రెక్కల కింద, నేలకు దగ్గరగా ఉన్నాయి. పెద్ద నిచ్చెనలు లేకుండానే మరమ్మతు చేసుకోవచ్చు. పైగా బోయింగ్ 727తో చాలా భాగాలు ఒకటే. ఒక ట్రాక్టరు స్పేర్ పార్టు ఇంకోదానికి సరిపోతే ఎంత ఆదాయో మనకి వేరే చెప్పాలా?

అయినా గెలుపు తేలిగ్గా రాలేదు. 1970 ప్రాంతంలో ఆర్డర్లు పడిపోయి, 737ని ఆపేయాలా అని బోయింగే ఆలోచించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ 737లు తీసుకుంది. 1984లో కొత్త ఇంజన్లతో 737-300 వచ్చాక దాన్ని ఆపేవాళ్లు లేరు. కారవెల్‌లు దాదాపు 280, వన్-ఎలెవన్‌లు ఇంచుమించు 240, డీసీ-9లు 976 తయారైతే, 737లు 11,000 దాటాయి. డగ్లస్ ముందు మెక్‌డొనెల్‌లో, 1997లో బోయింగ్‌లోనే కలిసిపోయింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఈ కథలో మనలాంటి ఊళ్లకు సంబంధించిన ముక్క ఒకటుంది. గెలిచిన విమానం ఏటేటా పొడవు పెరిగి పెద్ద ఊళ్లదైపోయింది. దాన్ని నింపేంత జనం చిన్న ఊళ్లలో దొరకరు. అందుకే 2017లో ఉడాన్ పథకం కింద హైదరాబాద్ నుంచి బళ్ళారి అవతలి విద్యానగర్‌కు సర్వీసు పెట్టినప్పుడు వచ్చింది జెట్ కాదు, ప్రొపెల్లర్ ఉన్న ఏటీఆర్. అరవై ఏళ్ల కిందట జెట్ గురించి అన్న మాట మన పక్కన ఇప్పటికీ నిజమే. రేపు రాయచూరుకు విమానమొస్తే, ముందు దాని రెక్కల కేసి చూడండి.