పాదమే కుంచెగా

నృత్తము తెలియనివానికి చిత్రము తెలియదని విష్ణుధర్మోత్తర పురాణము చెప్పుచున్నది. దేవతామూర్తులను మలచు విధానము తెలుపుమని వజ్రుడను రాజు అడుగగా, మార్కండేయ మహర్షి శిల్పమునకు చిత్రము, చిత్రమునకు నృత్తము, నృత్తమునకు వాద్యము, వాద్యమునకు గీతము ఆధారమని వరుసగా వివరించెను. విగ్రహములను గూర్చి అడిగిన రాజు పాటతో పాఠము మొదలుపెట్టవలసివచ్చెను. ఈ మాటకు తెలుగుదేశము రెండు విధముల నిదర్శనము చూపినది.

మొదటిది రాతిలో నున్నది. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప దేవాలయమును ప్రతిష్ఠించెను. దాని స్తంభములపైనను, చూరు క్రింది మదనికలయందును నాటి నర్తకుల భంగిమలు నిలిచియున్నవి. ఆ ప్రభువునకే గజసేనాధిపతియైన జాయపసేనాని 1253-54లో నృత్తరత్నావళిని సంస్కృతమున రచించెను. ఏడు శతాబ్దుల తరువాత నటరాజ రామకృష్ణ (1923-2011) ఆ గ్రంథమును, ఆ శిల్పములను కలిపి పరిశీలించి పేరిణి శివతాండవమును పునరుద్ధరించిరి. రాతిలో ఆగిన అడుగు మరల కదలినది.

అయినను ఇచ్చట శిల్పి వేఱు, నర్తకుడు వేఱు. వారి నడుమ ఏడువందల యేండ్ల యెడము. రెండు కళలును ఒకే వ్యక్తియందు, ఒకే సమయమున కలియు రెండవ నిదర్శనము సింహనందిని. రంగస్థలముపై రంగుపొడిని పలుచగా పఱతురు. నర్తకి దానిపై ఆడుచు మునివేళ్లతోను, మడమతోను, పాదపు అంచుతోను గీతలు తీయును. నృత్యము ముగియునప్పటికి అచ్చట దుర్గాదేవి వాహనమైన సింహము రూపొందియుండును. సంక్రాంతి ముగ్గు వేయు చేతికి చుక్కలు దారి చూపును. ఈ పాదమునకు తాళమే దారి చూపవలెను.

ఆ తాళము పేరు సింహనందనము. ఆదితాళమున ఆవర్తమునకు 8 అక్షరములు, సింహనందనమున 128. అనగా ఆదితాళము 16 మాఱులు తిరిగివచ్చునంత కాలమునకు ఇది ఒక్కమాఱు తిరిగివచ్చును. ద్రుతము, లఘువు, గురువు, ప్లుతము అను అంగములతో నడచి, తుదకు 16 అక్షరముల కాకపాదముతో ముగియును. ఇంత దీర్ఘమైన లెక్కను మనస్సున నిలుపుకొనుచునే, బొమ్మలో ఏ భాగము పూర్తియైనదో, ఏది మిగిలినదో నర్తకి గుర్తుంచుకొనవలెను. సామాన్య నృత్యమున తప్పిన అడుగును తరువాతి అడుగు కప్పిపుచ్చును. ఇచ్చట తప్పిన అడుగు పొడిలో నిలిచిపోవును.

పళ్లెముపై నిలిచి ఆడు తరంగమువలె ఇదియు ఒక గారడియే యని ఆక్షేపించువారు కలరు. బొమ్మ కొఱకే చూచినచో ఆక్షేపణ సరియే. ఇంతకంటె చక్కని సింహమును చిత్రకారుడు చేతితో తీయగలడు. కాని ఆ గీత తాళము నడచిన జాడ. వీనులకు వినిపించి మాయమగు లయను కన్నులకు చూపుటయే దాని ప్రయోజనము.

ఈ విద్య దేవాలయ నర్తకీమణుల సంప్రదాయమునకు చెందినది. 1947నాటి మద్రాసు శాసనము ఆలయములకు ఆడపిల్లలను అంకితము చేయుటను నిషేధించినది. స్త్రీలకది మేలే చేసినను, వారి కళకు నెలవు కఱవయ్యెను. కూచిపూడి గురువు సి. ఆర్. ఆచార్యులు సింహనందినిని, నెమలిని చిత్రించు మయూర కౌత్వమును, పద్మమును చిత్రించు మహాలక్ష్మీ ఉద్భవమును పునరుద్ధరించిరి. అహమ్మదాబాదులోని దర్పణ సంస్థలో బోధించి, కృష్ణాతీరపు విద్యను గుజరాతు గడ్డపై నిలిపిరి.

ఢిల్లీలో సంగీత నాటక అకాడమి 1953లోను, లలితకళా అకాడమి 1954లోను ప్రారంభమైనవి. 1961లో వెలసిన రవీంద్ర భవనము రెండింటికిని నీడనిచ్చినది. ప్రభుత్వ వ్యవహారమునకు ఒక్కొక్క కళకు ఒక్కొక్క కార్యాలయ ముండుట అవసరమే. రాజా, రాధా రెడ్డి దంపతులు 1976లో నాట్య తరంగిణిని స్థాపించిన ఈ నగరమున తెలుగు పిల్లలకు కూచిపూడి దూరము కాలేదు. ఒక సాయంత్రము నాట్యమునకు, మఱొక సాయంత్రము చిత్రలేఖనమునకు పోవు బాలికకు ఆ రెండును ఒకే విద్య యని సింహనందిని చెప్పగలదు. ప్రదర్శన ముగిసిన పిమ్మట పొడిని ఊడ్చివేయుదురు. బొమ్మను గుడ్డపై అద్ది భద్రపఱచినను, అది తాళమును తిరిగి నేర్పజాలదు. లెక్క తెలిసిన గురువును, నేర్వగల శిష్యురాలును ఉన్నంతకాలమే ఆ సింహము బ్రతుకును.