హాలే ప్రయాణానికి ముందు: షుల్జ్ పత్రాల పరిశోధనకు విద్యార్థుల సంసిద్ధత

తెలుగు బైబిలు చరిత్రను బోధించేటప్పుడు మనలో చాలామంది 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, డెస్ గ్రాంజెస్ మిషనరీలతో ఆరంభిస్తాము. అంతకు సుమారు ఎనభై సంవత్సరాల పూర్వమే బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు అనువాదానికి పూనుకొన్నారు. 1719లో తరంగంబాడికి వచ్చిన ఈ జర్మను మిషనరీ 1726లో మద్రాసుకు మారి, 1732 నాటికి బైబిలు అనువాదాన్ని ముగించారు. అది అచ్చుకు నోచుకోలేదు. 1743లో ఇండియా విడిచి వెళ్ళిన తరువాత ఆయన 1746, 1747 సంవత్సరాలలో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు లిపిలోనే కొన్ని చిన్న పుస్తకాలను ముద్రింపజేశారు. ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె హాలేలో స్థాపించిన సంస్థల పత్రాగారంలో తరంగంబాడి, మద్రాసుల నుండి వెళ్ళిన ఉత్తరాలు, దినచర్యలు ఉన్నాయి. వాటిని చూచుటకు ఐదుగురు విద్యార్థులతో మేము సిద్ధపడుతున్నాము.

సంఘాల కానుకలతో వెళ్ళే ప్రయాణమిది. గతంలో ఒక విదేశీ గ్రంథాలయంలో మూడు దినాలు శ్రమపడి చేతితో ఎత్తివ్రాసుకొన్న పుటలు ముందే అచ్చయ్యాయని తిరిగివచ్చాక తెలిసింది. ఆ తప్పు మాదే. అందుకే ఈసారి అచ్చులోను, కంప్యూటరులోను దొరికేవాటిని ఇక్కడే చదివి ముగించాలని నియమం పెట్టుకొన్నాము. “అన్నీ కంప్యూటరులోనే వస్తున్నాయి కదండీ, వెళ్ళడమెందుకు?” అని ఒక విద్యార్థి అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అయితే హాలేలో అచ్చయిన మిషను నివేదికలు సంపాదకుల కత్తిరింపులకు లోనైనవి. యూరపు దాతలకు అక్కరలేదని తోచినది తీసివేయబడింది. షుల్జ్‌కు తెలుగు నేర్పినదెవరు, ఆయన వాక్యాలను సరిదిద్దినదెవరు అను ప్రశ్నలకు జవాబు మూలప్రతులలో ఉంటే ఉండవచ్చు. మన సంఘ చరిత్రలో ఆ ఖాళీ చిన్నది కాదు.

కష్టమంతా చేతివ్రాతలో ఉంది. జర్మను భాష వచ్చినంత మాత్రాన ఆనాటి గొలుసుకట్టు వ్రాత చదవలేము. అందులో ‘ఇ’ అక్షరం ‘ఎన్’ వలె కనబడుతుంది. ‘యు’ను గుర్తుపట్టుటకు పైనున్న చిన్న వంపే ఆధారం. ఆరు నెలలుగా ప్రతి శనివారం ఒక పుట చొప్పున చదువుతున్నాము. మొదటి పుటకు నాలుగు వారాలు పట్టింది!

పేర్ల విషయం మరొకటి. షుల్జ్ తెలుగును ‘వరుగు’ భాష అని కూడ వ్యవహరించారు. తమిళుల ‘వడుగు’ అను మాటే ఇది. ఆనాటి ఇంగ్లీషువారికి మన భాష ‘జెంటూ’. తెలుగు అను ఒక్క మాటతోనే పట్టికలు వెదకే విద్యార్థి వట్టిచేతులతో లేస్తాడు. తేదీలూ అంతే. డెన్మార్కు 1700లోనే క్రొత్త పంచాంగానికి మారింది, ఇంగ్లీషువారు 1752 వరకు పాతదే వాడారు. రెంటికీ పదకొండు దినాల తేడా. తరంగంబాడి ఉత్తరానికి మద్రాసు జవాబు ముందే వచ్చినట్లు కనబడితే కంగారుపడక, ఏ పంచాంగమో చూడాలి.

మద్రాసు మిషనును 1728 నుండి ఆదుకొన్న లండను క్రైస్తవ జ్ఞాన ప్రచార సంఘం పత్రాలు కేంబ్రిడ్జిలో ఉన్నాయి. అక్కడికీ వెళ్దామని విద్యార్థుల కోరిక. మేము ఒప్పుకోలేదు. ఉన్న డబ్బుకు ఒక్క పత్రాగారంలో పన్నెండు దినాలు కూర్చోవడమే మేలు. ప్రస్తుతం ప్రతి విద్యార్థి తాను వెదకబోయే ఒకే ప్రశ్నను, చూడవలసిన ప్రతుల సంఖ్యలను వ్రాసి ఇస్తున్నాడు. ముగ్గురివి అందాయి. ఒకరిది తిప్పి పంపాము. అందులో ప్రశ్న లేదు, షుల్జ్ జీవితచరిత్ర ఉంది.