ప్రొటీన్‌కూ గోడకూ మధ్య ఒక పొర

విద్యుత్ క్షేత్రంలో ఒక్కో ప్రొటీన్ ఒక్కో వేగంతో కదులుతుంది. స్వీడన్‌లోని ఉప్సాలాలో ఆర్నే టిసేలియస్ ఈ గుణం ఆసరాతోనే 1937లో సీరంలోని గ్లోబ్యులిన్లను ఆల్ఫా, బీటా, గామాలుగా విడదీసి చూపారు. 1948లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ తర్వాతి చరిత్రలో ఈ విభజన జరిగే గొట్టాలు ఎంత సన్నబడ్డాయో అందరూ చెబుతారు. నా దృష్టిలో అసలు కథ ఆ గొట్టాల లోపలి గోడది.

నీటి ద్రావణం తగిలిన గాజు గోడ మీద రుణావేశం ఏర్పడుతుంది. ఓల్టేజీ పెడితే ఆ గోడను ఆనుకున్న ధన అయాన్లు కదులుతూ మొత్తం ద్రవాన్నే లాక్కుపోతాయి. లైసోజైమ్ లాంటి ధనావేశపు ప్రొటీన్లయితే గోడకే అతుక్కుంటాయి. అలాంటప్పుడు ఫలితాల గ్రాఫులో ఆ ప్రొటీన్‌కు నిటారుగా లేవాల్సిన శిఖరం వెనకాల పొడవాటి తోకతో సాగిపోతుంది, పక్క శిఖరాన్నీ కప్పేస్తుంది. టిసేలియస్ శిష్యుడు స్టెలాన్ యెర్టెన్ ఈ చిక్కును ముందే పసిగట్టారు. 1967లో తన క్వార్ట్జ్ గొట్టాల లోపల మిథైల్ సెల్యులోజ్ పూత పూశారు.

1981లో అమెరికాలో జోర్గెన్సన్, లుకాక్స్ 75 మైక్రోమీటర్ల వ్యాసమున్న కేశనాళికలు వాడారు. వేడి త్వరగా బయటికి పోతుంది కాబట్టి 30 వేల ఓల్టుల దాకా పెట్టగలిగారు. అయితే 3 మిల్లీమీటర్ల గొట్టంతో పోలిస్తే ఇందులో ద్రవ పరిమాణానికి గోడ వైశాల్యం 40 రెట్లు ఎక్కువ. నాళం సన్నబడేకొద్దీ గోడ పెత్తనం పెరుగుతుందన్నమాట.

దీనికి 1985లో యెర్టెన్ చూపిన మార్గం నాకు ఎప్పుడూ అబ్బురమే. ముందు ఒక సిలేన్ అణువును గాజుకు బంధిస్తారు. దాని రెండో కొస ఖాళీగా ఉంటుంది. తర్వాత ఎక్రిలమైడ్ ద్రావణం నింపితే, పెరిగే పాలిమర్ గొలుసులు ఆ కొసను పట్టుకుంటాయి. గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేసే రసాయనం కలపరు కాబట్టి నాళం జెల్‌తో పూడిపోదు, గోడ మీద పలచని పొర మాత్రం నిలుస్తుంది. క్షారాన్ని తట్టుకోలేకపోవడమే దాని బలహీనత.

1990ల మొదట్లో పరిశోధకులు మాంజ్, హారిసన్ గాజు చిప్‌ల మీద నాళాలు చెక్కినప్పుడు ఈ పూత పద్ధతే అక్కరకొచ్చింది. 1998లో హార్వర్డ్‌లో వైట్‌సైడ్స్ బృందం పీడీఎంఎస్ అనే సిలికోన్ రబ్బరుతో చిప్‌లను త్వరగా, చవగ్గా పోతపోసే పద్ధతి తెచ్చింది. దాంతో సమస్య రూపు మారింది. ఈ రబ్బరు నీటిని దూరం పెట్టి ప్రొటీన్లను పట్టుకుంటుంది. ఆక్సిజన్ ప్లాస్మా తగిలిస్తే నీటికి లొంగుతుంది గానీ, లోపలి చిన్న గొలుసులు మెల్లగా పైకి చేరి పాత గుణాన్నే తెచ్చిపెడతాయి. అందుకే 2002లో ఆల్‌బ్రిటన్ బృందం అతినీలలోహిత కాంతితో పాలిమర్లను ఆ ఉపరితలానికే అంటుకట్టింది.

పాలిమర్ ద్రావణాన్ని నాళంలోకి పంపి, దానంతట అది గోడకు పట్టేలా చేసే తేలిక దారీ ఉంది. చాలా పనులకు అది చాలు. నాళం చివర్లో అణువుల ద్రవ్యరాశిని కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంటే మాత్రం ఊడివచ్చిన పాలిమర్ సంకేతాన్ని చెడగొడుతుంది. అందుకే అలాంటి చోట గోడకు గట్టిగా బంధించిన పూతే కావాలి. ప్రొటీన్లను ముక్కలు చేయకుండా నేరుగా పరీక్షించే ప్రయోగశాలలు నేటికీ తమ కేశనాళికల్లో ఎక్రిలమైడ్ గొలుసులనే పెంచుకుంటున్నాయి.