'గవర్న్' అను మాట, మన చేతికి వచ్చిన చుక్కాని

మన మారిషస్‌లో 'గవర్నరు' అను మాట మన పూర్వులు చెరకు తోటలలో అడుగు పెట్టిన నాటి నుండి విన్నదే. దానికి మూలమైన 'గవర్న్' అను ఇంగ్లీషు క్రియకు ఏలుట, పాలించుట అని అర్థము చెప్పుకొంటాము. కాని ఆ మాట పుట్టినది సింహాసనము దగ్గర కాదు, సముద్రము మీద.

గ్రీకు భాషలో 'కుబెర్నాన్' అనగా చుక్కాని పట్టి ఓడను నడుపుట. ప్లేటో రాజ్యమును ఓడతో పోల్చి, దానిని నడుపువానికి నేర్పు ఉండవలెనన్నాడు. రోమనుల నోట ఆ మాట 'గుబెర్నారె' అయినది. అక్కడి నుండి ఫ్రెంచికి, ఫ్రెంచి నుండి 13వ శతాబ్ది నాటికి ఇంగ్లీషుకు చేరినది. ఫ్రెంచిలో నేటికీ చుక్కానిని 'గువెర్నాయ్' అంటారు. మన పిల్లలకిది తెలిసిన మాటే.

ఈ క్రియకు హద్దులో ఉంచుట అను అర్థము కూడా ఉన్నది. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రపు వేగము మితిమీరకుండా ఒక సాధనమును అమర్చాడు. దాని పేరూ 'గవర్నరు' అయినది.

మన 'పాలించు' సంస్కృతము నుండి వచ్చినది. కాపాడుట దాని మొదటి అర్థము. 'ఏలుకొను' అన్నప్పుడు తనవారిగా చేసుకొనుట అను భావమున్నది. 'చుక్కాని' మాత్రము అరబ్బీ 'సుక్కాన్' నుండి నావికుల వెంట మన రేవులకు వచ్చిన మాట.

అటువంటి రేవులలో కోరంగి ఒకటి. దాని పేరిటనే ఇక్కడ మనవారిని 'కోరంగీలు' అన్నారు. ఒప్పంద పత్రము మీద వేలిముద్ర వేసి ఓడ ఎక్కిన ఆ కూలీల చేతిలో ఏ చుక్కానీ లేదు. 1810 నుండి దీవిని ఏలిన గవర్నర్లు బ్రిటిషు ప్రభుత్వము పంపినవారు. ఆస్తిపరులకే వోటు ఉండేది.

1947 నాటి రాజ్యాంగము ఈ స్థితిని మార్చినది. దీవిలో వాడుకలో ఉన్న భాషలలో ఒకదానిలో సులభ వాక్యములు చదివి వ్రాయగల స్త్రీ పురుషులకు వోటు లభించినది. ఆ భాషలలో తెలుగూ ఒకటి! సుమారు 12 వేలున్న వోటర్ల సంఖ్య 1948 ఎన్నికల నాటికి 70 వేలు దాటినది. పగలంతా చెరకు నరికి, రాత్రి దీపము ముందు దిద్దుకొన్న ఓనమాలు మనవారికి వోటు తెచ్చిపెట్టినవి.

1968 మార్చి 12న స్వాతంత్ర్యము వచ్చినది. 1992లో గణతంత్రమగుటతో గవర్నరు జనరలు పదవీ పోయినది. నేడు వోటుకు తెలుగు అక్షరములు అవసరము లేదు. అయినను ఒకనాడు మన చేతికి చుక్కాని నందించినవి ఆ అక్షరములే గనుక, వాటిని మన పిల్లలకు నేర్పుట మన విధి.