గోలకొండ పత్రిక ముచ్చట

జర దగ్గరికి జరగున్రి. గా పచ్చి పుల్లలు ఎయ్యకు బిడ్డా, ఉత్త పొగే లేస్తది.

పొద్దుగాల మనుమడు ఫోన్ల ఒకటి సూపెట్టిండు. స్కాట్లండు దేశంల ఒక పత్రిక ఉన్నదట, 1739ల ఎడింబరోల పుట్టిందట. నడుమ కొన్నేండ్లు ఆగినా మల్ల లేశి ఇప్పటికీ వస్తనే ఉన్నదట. అక్కడి గుట్టలు, ఊర్లు, పాటలు, మనుషుల సంగతులే దాన్నిండ. లండన్ పత్రికలల్ల వాళ్ల సంగతులకు జాగ దొరకకనే పెట్టుకున్నరట. గది ఇనంగనే నాకు గోలకొండ పత్రిక యాదికొచ్చింది.

నేను సూశింది తక్వ, మా నాయిన చెప్పంగ ఇన్నదే ఎక్వ. గప్పుడు నిజాం రాజ్యం. కచ్చేరీల ఉర్దూ, బడిల ఉర్దూ. 1921ల హైద్రబాద్ వివేకవర్ధిని థియేటర్ల సభ అయితుంటే ఒకాయన తెలుగుల మాట్లాడ లేశిండట. జనం కేకలేశి, ఎక్కిరించి కూసోబెట్టిన్రు. ఆ రోషానికే తెలుగోళ్ల కోసం ఆంధ్ర జనసంఘం పుట్టింది. మర్సటేడు ఇనుగుర్తిల ఒద్దిరాజు అన్నదమ్ములు తెనుగు పత్రిక, నల్లగొండల ఇంకొకరు నీలగిరి పత్రిక తెచ్చిన్రు. అవి శానా ఏండ్లు నిలువలె.

1926 మే 10 నాడు గోలకొండ పత్రిక మొదలైంది, వారానికి రెండు మాట్ల. సురవరం ప్రతాపరెడ్డి అని పాలమూరు దిక్కు మనిషి, వకీలు చదువు చదివినోడు. రాసుడు ఆయనే, అచ్చుతప్పులు దిద్దుడు ఆయనే, ఆఖరికి కాయిదం మడిచి అడ్రసు రాసుడు గూడ ఆయనే. రాసేటోళ్లు దొరకకపోతే మారుపేర్లు పెట్టుకొని తానే రాసెటోడు. నెలకింత జీతం ఇచ్చినా ఇయ్యాల గంత పని ఎవలు చేస్తరు?

సర్కారుకు కండ్ల మంట. సంపాదకీయం ముందుగాల మాకు సూపెట్టి ఇజాజత్ తీస్కో అన్నరు. ఈయన సూపెట్టుడే బంద్ జేశి, ఆ జాగల పెద్దలు చెప్పిన సూక్తులు అచ్చేసుడు షురూ జేశిండు. సూక్తికి ఇజాజత్ ఏంది? సదివెటోనికి మాత్రం ఆ మాట ఎవల మీదికి పోతదో ఎర్కనే. మా నాయిన ఇది చెప్పిన ప్రతిసారి నవ్వెటోడు.

అసలు ముచ్చట ఇప్పుడొస్తది. నిజాం రాజ్యంల తెలుగు కవులే లేరని ఒక పండితుడు రాసిండు. ప్రతాపరెడ్డి తిట్టుకుంట కూసోలె. మీ పద్యాలు, మీ ఊరు పేరు రాసి పంపున్రని తన పత్రికల అచ్చేసిండు. మారుమూల పల్లెలకెల్లి గూడ కట్టలు కట్టలు వచ్చినయి. 1934ల గోలకొండ కవుల సంచిక అని పుస్తకం తీసిండు. అండ్ల 354 మంది కవులు! అందరు గొప్ప కవులేనా అంటే, కాదు, నేను ఒప్పుకోను. అయితేంది? లేరు అన్నదానికి లెక్క జూపాలె, జూపిండు.

మన దిక్కుకు గూడ వచ్చిండు ఆయన. 1930ల నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటిసారి అయింది జోగిపేటల. గీ సంగారెడ్డి దాటి పోతే వచ్చే జోగిపేటనే! అధ్యక్షుడు ప్రతాపరెడ్డి. ఆడోళ్ల సభ గూడ అక్కడనే అయింది, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. సభ పెట్టాలంటే సర్కారు ఇజాజత్ కావాలె, గస్తీ నిషాన్ 53 అని ఒక హుకుం ఉండె. గా భయంలనే జనం వచ్చిన్రు. ఇప్పుడు కిష్టారెడ్డిపేట సుట్టు అపార్టుమెంట్లు లేశినయి, పటాన్‌చెర్వు కంపెనీల పనికి ఏ దేశపోళ్లో వస్తున్నరు. జోగిపేటల గిట్ల సభ అయిందంటే వాళ్లకేం ఎర్క, మీకే ఎర్క లేకపాయె.

1947ల గోలకొండ పత్రిక దినపత్రిక అయింది. కొన్నేండ్లకు ఆగిపోయింది. స్కాట్లండోళ్ల దానంత ఆయుష్షు దానికి లేకపాయె.

1949ల ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసిండు. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, జనం ఏం తిన్నరు, ఏం కట్టుకున్నరు, ఏ ఆటలాడిన్రు, గవే అందుల. తెలుగుల కేంద్ర సాహిత్య అకాడమీ మొట్టమొదటి బహుమతి దానికే వచ్చింది, 1955ల. గప్పటికి ఆయన లేడు, 1953లనే పోయిండు. అన్నేండ్లు పత్రికకు వచ్చే ఊరోళ్ల ఉత్తరాలు సదివినోడు గనుకనే అసొంటి పుస్తకం రాసిండని నేనంట. పండితులు ఏమంటరో వాళ్లిష్టం.