‘లవ్’ అంటే గుడ్డేనా?

2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో పుల్లెల గోపీచంద్ చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. ఆ ఆట కూడా అన్ని ఆటల్లాగే ‘లవ్ ఆల్, ప్లే’ అన్న అంపైరు పిలుపుతోనే మొదలు. ఇద్దరికీ సున్నా, ఇక ఆడండి అని అర్థం. సున్నాకు ప్రేమ అనే పేరు ఎలా వచ్చింది?

చాలామంది చెప్పే కథ ఒకటుంది. సున్నా గుడ్డు ఆకారంలో ఉంటుంది. గుడ్డును ఫ్రెంచివారు ‘లఫ్’ అన్నట్టు పలుకుతారు. అదే ఇంగ్లీషువాళ్ల నోట ‘లవ్’ అయిందట! నమ్మబుద్ధి వేసే మాటే. పరీక్షలో సున్నా వస్తే గుడ్డు పెట్టాడని మనమూ ఏడిపిస్తాం. క్రికెట్‌లో ‘డక్’ నిజంగానే బాతుగుడ్డు నుంచి పుట్టింది. పైగా టెన్నిస్‌లోని ‘డ్యూస్’ ఫ్రెంచిలో రెండు అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందే. గెలవడానికి వరుసగా రెండు పాయింట్లు కావాలి కదా.

అయితే పోలిక వేరు, రుజువు వేరు. ఫ్రెంచి ఆటగాళ్లు స్కోరు చెబుతూ గుడ్డు అన్నట్టు ఆధారం ఎక్కడా దొరకలేదు. వారు ‘జీరో’ అనే అంటారు. మరో చిక్కు కూడా ఉంది. ఎడ్మండ్ హోయిల్ 1742లో విస్ట్ అనే పేకాట గురించి రాసిన పుస్తకంలోనే ‘లవ్’ సున్నా అన్న అర్థంలో కనిపిస్తుంది. లాన్ టెన్నిస్ పుట్టింది 1870లలో. అంటే ఈ మాట పచ్చికకన్నా ముందే పేకాట బల్ల మీద ఉంది!

పేకాట దగ్గరే అసలు ఆచూకీ ఉండవచ్చు. పందెం లేకుండా ఆడటాన్ని ఇంగ్లీషులో ‘ప్రేమ కోసం ఆడటం’ అనేవారు. డబ్బు లేదు, ఆట మీద ఇష్టమే ఉంది. ‘ఏమీ లేకుండా’ అన్న ఆ భావమే ‘ఏమీ లేదు’గా, అంటే సున్నాగా మారిందని నిఘంటుకారులు ఎక్కువగా భావిస్తారు. డచ్చి భాషలో గౌరవం అనే అర్థమున్న ‘లోఫ్’ నుంచి వచ్చిందనే వాదనకు ఇంత బలం లేదు.

గోపీచంద్ గెలిచిన రోజుల్లో సర్వీసు చేసేవారికే పాయింటు దక్కేది. సర్వీసు చేతులు మారుతూ ఎన్ని ర్యాలీలు సాగినా స్కోరు ‘లవ్ ఆల్’ దగ్గరే నిలిచిపోవచ్చు. 2006లో ప్రతి ర్యాలీకీ పాయింటు ఇచ్చే పద్ధతి వచ్చింది. అప్పటినుంచి మొదటి ర్యాలీ ముగిసేసరికే ఇద్దరిలో ఒకరు ఆ ‘లవ్’ను దాటేస్తున్నారు.