ఆరని పొగ

ఫ్రీ రాడికల్ ఆయుష్షు సాధారణంగా చాలా తక్కువ. జంట లేని ఎలక్ట్రాన్‌తో మిగిలిపోయిన ఆ అణువు, పక్కన ఏది దొరికితే దాని నుంచి ఎలక్ట్రాన్‌నో హైడ్రోజన్‌నో లాక్కునే దాకా ఊరుకోదు. 1944లో సోవియట్ నగరం కజాన్‌లో యెవ్‌గెనీ జవోయిస్కీ ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ కనిపెట్టాక, జంట లేని ఎలక్ట్రాన్ల జాడ నేరుగా తీసే దారి దొరికింది. 1958లో లయన్స్, గిబ్సన్, ఇన్‌గ్రామ్ ఆ పద్ధతితోనే సిగరెట్ పొగలో ఫ్రీ రాడికల్స్ ఉన్నాయని ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు.

ఉన్నాయి సరే, ఊపిరితిత్తుల్ని ఏం చేస్తాయి? ఆ ప్రశ్నను ఏళ్ల తరబడి వదలకుండా పట్టుకున్నవారు అమెరికాలో లూసియానా స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్త విలియం ప్రయర్. ఆయన బృందం పొగను ఫిల్టర్ గుండా పంపింది. ఫిల్టర్‌కు అంటుకున్నది తారు, దాటిపోయింది వాయువు. తారులోని రాడికల్స్ నిలకడైనవి. వాయువులోవి సెకను కూడా బతకవు. అందుకని చేపలకు వల వేసినట్టు, రాడికల్ తగలగానే పట్టి ఉంచే స్పిన్ ట్రాప్ రసాయనాలు వాడారు. ఒక్కో దమ్ములో 10 కోట్ల కోట్లకు పైగా ఉన్నాయని లెక్క తేలింది.

చిక్కు ఇక్కడే వచ్చింది. సెకనులో పోవలసినవి, పుట్టి నిమిషాలైన పొగలోనూ కనబడ్డాయి. నిప్పులో పుట్టినవైతే అంతసేపు ఉండవు. పొగలోనే ఎప్పటికప్పుడు పుడుతున్నాయన్నది ప్రయర్ జవాబు. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ గాలిలోని ఆక్సిజన్‌తో మెల్లగా కలిసి నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. అది ఐసోప్రీన్ వంటి పదార్థాల మీద పడి కొత్త రాడికల్స్‌ను పుట్టిస్తుంది. పోయేవి పోతుంటే వచ్చేవి వస్తూనే ఉంటాయి. పొగాకు ఊసే లేకుండా నైట్రిక్ ఆక్సైడ్, గాలి, ఐసోప్రీన్ కలిపి చూసినా అలాంటి రాడికల్సే వచ్చాయి. ఈ కథలో నన్ను అన్నిటికన్నా కుదిపేది ఇదే. పొగంటే కాలిపోయినదాని మిగులు అనుకుంటాం. మనిషి లోపలికి పీలుస్తున్నది ఇంకా సాగుతున్న రసాయన చర్యను.

తారు దెబ్బ వేరు. అందులోని సెమీక్వినోన్లు అనే రాడికల్స్ ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్ అందించి సూపరాక్సైడ్ చేస్తాయి. దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇనుము తోడైతే అతి తీవ్రమైన హైడ్రాక్సిల్ రాడికల్ పుడతాయి. ఇక కణాల పొరల్లోని కొవ్వులూ డీఎన్ఏ కూడా దెబ్బతింటాయి.

ఎంఫిసీమా అనే ఊపిరితిత్తుల జబ్బులో వాయుగోణుల గోడలు ఎందుకు చితికిపోతాయన్న దానికి ఆధారం మరో దిక్కు నుంచి వచ్చింది. 1963లో స్వీడన్‌లో లారెల్, ఎరిక్సన్ రక్తంలోని ప్రోటీన్లను గీతలుగా విడదీసే పరీక్షల్లో ఐదుగురికి ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ గీత కనబడలేదని గమనించారు. వారిలో ముగ్గురికి ఎంఫిసీమా ఉంది. తెల్ల రక్తకణాలు వదిలే ఎలాస్టేజ్ ఎంజైమ్ ఊపిరితిత్తుల సాగే పోగులను కరిగించకుండా కాపలా కాసే ప్రోటీనే ఈ యాంటీట్రిప్సిన్. మరి అది పుట్టుకతో నిండుగా ఉన్న పొగరాయుళ్ల సంగతేమిటి? 1978లో కార్ప్, జానాఫ్ తాజా పొగను రక్తరసికి తగిలిస్తే ఎలాస్టేజ్‌ను ఆపే శక్తి తగ్గిందని, యాంటీఆక్సిడెంట్లు కలిపితే ఆ నష్టం ఆగిందని చూపారు. ఆ ప్రోటీన్‌కు ఆయువుపట్టు 358వ స్థానంలోని మెథియొనిన్. అది ఆక్సీకరణ చెందితే కాపలాదారు ఉన్నా లేనట్టే. పైగా పొగకు రెచ్చి ఊపిరితిత్తుల్లో చేరే తెల్ల రక్తకణాలు ఇంకా ఎలాస్టేజ్‌నూ, ఇంకా రాడికల్స్‌నూ వదులుతాయి.

ఇది సిగరెట్‌తో ఆగదు. కట్టెల పొగలోనూ ఫ్రీ రాడికల్స్ ఉంటాయి. ఏళ్లకేళ్లు పొయ్యి ఊదిన మన అమ్మమ్మలు చుట్ట ముట్టకపోయినా ఆయాసపడ్డారంటే, అది ముసలితనం ఖాతాలో వేసి వదిలేయవలసింది కాదు.

పరీక్షనాళికలో యాంటీఆక్సిడెంట్లు కాపాడాయి కనుక మాత్రలు కూడా కాపాడతాయన్న ఆశ పుట్టింది. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవారికి విటమిన్-ఇ, బీటా కెరోటిన్, లేదా ఉత్తుత్తి మాత్రలు ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువైంది.